అలుగు ఎక్కడుంటే అక్కడిదాకా

ఒక పెద్ద అడవిలో ఒక పెద్ద చెరువుండేది. అడవి ఎంత పెద్దదో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు గానీ, చెరువు ఎంత పెద్దదో పసిపిల్లలు కూడా చెప్పేవాళ్ళు. దానికి తాతలనాటి చట్టం ఒకటుంది. ఎక్కడా రాసింది కాదు, నోటిమాట. అలుగు ఎక్కడుంటే అక్కడిదాకా చెరువు. అంతే.

అలుగంటే తెలుసుగా. చెరువు నిండితే ఎక్కువైన నీళ్ళు పొర్లి కిందికి పోవడానికి గట్టుమీద ఒకచోట రాళ్ళు పేర్చి వదిలిన తగ్గు. అలుగు పారిందంటే చెరువు నిండినట్టు. అప్పుడు నీళ్ళు ఎంతమేర పాకితే అంతమేరా చెరువుదే. అక్కడ ఎవరూ బొరియ తవ్వరు, గూడు పెట్టరు.

అలుగంటే ఇంకోటి కూడా ఉంది. ఒంటినిండా పెంకులేసుకుని, చీమల్నీ చెదల్నీ నాక్కుతింటూ, ఎవరన్నా పలకరిస్తే బంతిలా ముడుచుకుపోయే జంతువు. ఆ అడవిలో అలాంటి అలుగు ఒకడు, సరిగ్గా ఆ రాతి అలుగు పక్కనే పుట్టలో కాపురముండేవాడు. రెండు అలుగులూ ఇరుగూ పొరుగూ. తాతలకి ఇందులో తికమకేం కనపడలా. తాతల కాలంలో ప్లాట్ల బేరం లేదు మరి.

ఆ చెరువుకి ఎగువన రాతికొండమీద కుందేలు ఆదెమ్మ ఉండేది. మొగుణ్ణి గద్ద ఎత్తుకుపోయేనాటికి కడుపుతో ఉంది. ఉన్నది ఒక్క బొరియ. అందులో సగం తోడికోడలు పున్నమ్మది. రాతినేల కాబట్టి గోళ్ళరిగేలా గీకినా ఇంకో గది పడదు. పున్నమ్మ నోరు మాత్రం ఎంత దూరమైనా పడుతుంది. పిల్లల్ని ఎక్కడ కంటావు అక్కా, నా నెత్తిమీదా అని పొద్దున అడిగేది. సాయంత్రం కూడా అదే అడిగేది, మాట మార్చి.

ఆదెమ్మ ఏడ్చే మనిషి కాదు. ఏడిస్తే గది వస్తుందంటే ఏడ్చేదే. సొంత బొరియలో, పొడినేలమీద, పిల్లల్ని కనాలి. అదొక్కటే ఆమెకి కావలసింది.

సరిగ్గా అప్పుడే అడవి సభ కూడింది. సభకి పెద్ద ఏనుగు. పెద్దయ్య అంటారు. పెద్దయ్య మంచివాడు. ఎవరేం చెప్పినా తల ఊపుతాడు. అసలు ఏనుగు తల ఎప్పుడూ ఊగుతూనే ఉంటుంది కాబట్టి, ఎవరి మాటకి ఒప్పుకున్నాడో చివర్లో మాట్లాడినవాళ్ళే చెప్పుకోవాలి.

ఆ రోజు చివర్లో మాట్లాడింది పునుగుపిల్లి పరిమళరావు. అతను వస్తున్నాడంటే ముందు వాసనొస్తుంది. వెళ్ళిపోయాక కూడా కాసేపుంటుంది. ఆ మధ్యలో ఏం మాట్లాడాడో ఎవరికీ గుర్తుండదు, వాసనే గుర్తుంటుంది.

అడవి నిండిపోయింది, కొండమీద జనానికి చోటు లేదు, చెరువేమో కాళ్ళు బారజాపుకుని పడుకుందని పరిమళరావు మొదలెట్టాడు. చట్టాన్ని మీరొద్దన్నాడు. చట్టమంటే తనకి ప్రాణమన్నాడు.

"చట్టం ఏమంటోంది పెద్దయ్యా? అలుగు ఎక్కడుంటే అక్కడిదాకా చెరువు అంటోంది. మనం చెరువుని ముట్టుకోవద్దు. అలుగునే కాస్త లోపలికి జరుపుదాం."

రాళ్ళని ఎలా జరుపుతావయ్యా అని ఎలుగుబంటి అడిగింది. నేల విపత్తులన్నీ దాని కిందికే వస్తాయి. ఏ పనన్నా తనమీద పడుతుందేమోనని దానికెప్పుడూ భయం.

"రాళ్ళెందుకండీ, నడిచే అలుగు మనకుండగా" అన్నాడు పరిమళరావు.

సభంతా గట్టుకింద పుట్టవైపు చూసింది. అక్కడ అలుగు చీమలు నాకుతున్నాడు. ఇంతమంది తనవైపు చూడటం చూసి ముడుచుకుపోయాడు.

చూశారా, ఒప్పుకున్నాడన్నాడు పరిమళరావు. మౌనం అర్ధాంగీకారమైతే, ముడుచుకోవడం పూర్తి అంగీకారమేగా.

ఇందులో ఎవరూ మోసపోలేదు. చట్టంలో అలుగంటే రాతి అలుగని అక్కడ అందరికీ తెలుసు. ఆదెమ్మకీ తెలుసు, ఫక్కున నవ్వింది కూడా. నవ్వి, చెయ్యెత్తమన్నప్పుడు చెయ్యెత్తింది. మాటకి రెండర్థాలున్నప్పుడు ఇల్లొచ్చే అర్థమే నయం కదా. పెద్దయ్య తల ఊగింది. తీర్మానం అయిపోయింది.

చెరువు నడిమధ్యలో, ఎండలకి నీళ్ళు తీసిన చోట, చిన్న దిబ్బ తేలింది. అలుగుని ముడుచుకున్నవాణ్ణి ముడుచుకున్నట్టే దొర్లించుకుంటూ తీసుకెళ్ళి ఆ దిబ్బమీద పెట్టారు. మెళ్ళో తీగమాల వేసి, చెరువు హద్దు అధికారి అని పేరిచ్చారు. మేతకి చెదపుట్ట ఒకటి పెళ్ళగించి తెచ్చిపెట్టారు. అలుగు కాసేపటికి విప్పుకుని చుట్టూ చూశాడు. చీమలున్నాయా అని అడిగాడు. చెదలున్నాయన్నారు. ఆ కొలువుకి సంబంధించి అతనడిగిన ప్రశ్న అదొక్కటే.

ఇక దిబ్బ దాకానే చెరువు. దిబ్బకి ఇవతలంతా నేల.

అడవిపందులు కాంట్రాక్టు పట్టాయి. కొండపక్కన మట్టి కోరల్తో పెళ్ళగించి, మెత్తటి బురదమీద పోసి, పైన పొర్లి చదును చేశాయి. ఊళ్ళోకి వచ్చే దారికి ఆర్చి ఒకటి ఉండాలి కదా. ఎత్తుగా, గట్టిగా ఉన్న చోటు చూసి ఆర్చి కట్టారు. గట్టిగా ఉన్న చోటు ఏదయ్యా అంటే ఆ పాత రాతి అలుగు. దాని తగ్గంతా మట్టితో పూడ్చి పైన ఆర్చి నిలబెట్టారు. పేరు అలలపేట. అలలపేటలో అలలుంటాయని ఎవరికీ అనుమానం రాలేదు, పేరు బాగుందనుకున్నారు.

కొండమీద తన వాటాకొచ్చిన గరికతుప్ప పరిమళరావుకి ఇచ్చేసి ఆదెమ్మ ఒక ప్లాటు తీసుకుంది. నేల ఎంత మెత్తగా ఉందంటే గోరు పెడితే వెన్నలా దిగుతోంది. కుందేళ్ళకి గొప్ప పైకి కట్టడంలో ఉండదు, కిందికి తవ్వడంలో ఉంటుంది. ఎంత లోతుకి పోతే అంత దర్జా. ఆదెమ్మ జన్మలో మొదటిసారి కిందికి మూడంతస్తులు తవ్వింది. అట్టడుగున పురిటిగది.

గృహప్రవేశానికి పున్నమ్మ వచ్చింది. రాకుండా ఉంటే ఇల్లెలా ఉందో తెలియదు కాబట్టి వచ్చింది. పురిటిగదిలోకి దిగి, గోడమీద చెయ్యిపెట్టి, చెయ్యి వాసన చూసుకుంది.

"అక్కా, గోడలకి చెమట పడతందేంది? ఇంట్లో జొరమేమన్నా ఉందా?"

ఆదెమ్మకి ఒళ్ళు మండింది. అప్పటికే ఈ సంగతి పరిమళరావుని అడిగింది. చల్లదనమమ్మా, వేసవిలో మీ తోడికోడలు వచ్చి మీ గుమ్మంలో పడిగాపులు పడుతుందని చెప్పాడతను. ఆ మాటే పున్నమ్మకి అప్పజెప్పింది. ఎండలో వేగేవాళ్ళకి చల్లదనం అంటే ఏం తెలుస్తుందిలే అని ఇంకో ముక్క కలిపింది. పున్నమ్మ తనకి పెట్టిన గరిక తినేసి, ఇంకేం అనకుండా కొండెక్కిపోయింది. ఏమీ అనకుండా పోయిందంటే లోపల చాలా దాచుకుందన్నమాట.

అలలపేటకి కమిటీ వచ్చింది. ప్రెసిడెంటు ఉడుము వీరాస్వామి. దేన్నయినా పట్టుకుంటే వదలడు. అది అతని గుణం, దాన్నే అర్హతన్నారు. ఆయన మొదటి పని కప్పలమీద ఫిర్యాదు. ఎక్కడినుంచో వచ్చి సందుసందునా చేరి బెకబెకమంటూ కాలనీ పరువు తీస్తున్నాయి, బయటివాళ్ళని రానివ్వకూడదని. కప్పలు అక్కడే పుట్టాయి, వాటి ముత్తాతలూ అక్కడే పుట్టారు. అది చెప్పబోయాయి గానీ, కప్ప ఏం చెప్పినా బెకబెకలాగే వినిపిస్తుంది.

శ్రావణంలో ఆదెమ్మ కనేసింది. ఎర్రగా, బొచ్చు లేకుండా, కళ్ళు తెరవని పిల్లలు. తన పొట్టమీది బొచ్చు పీకి పక్క వేసింది. పక్క పొద్దుటికల్లా తడిసింది. మళ్ళీ పీకి వేసింది. అదీ తడిసింది. వాన ఇంకా పెద్దగా పడనే లేదు. నీళ్ళు పైనుంచి రావడం లేదు, కిందినుంచి వస్తున్నాయి.

కమిటీకి వెళ్ళి చెప్పింది. వీరాస్వామి ఆమెని పక్కకి తీసుకెళ్ళాడు.

"నీళ్ళనకమ్మా. చెమ్మ అను. నీళ్ళంటే ప్లాటుకి చెడ్డపేరు. రేపు అమ్ముకోవాలంటే నువ్వే ఏడుస్తావు."

ఆరోజునుంచి అలలపేటలో నీళ్ళనే మాట లేదు. చీలమండ దాకా వస్తే చెమ్మ. మోకాళ్ళ దాకా వస్తే కాస్త ఎక్కువ చెమ్మ. పందికొక్కు ఇంట్లో సామాను తేలుతుంటే, ఈసారి చెమ్మ బాగా పట్టిందండీ అని పక్కింటివాళ్ళు పలకరించి పోయారు. ఆదెమ్మ అట్టడుగు అంతస్తు వదిలేసి పిల్లల్ని నడిమి అంతస్తుకి మార్చింది. తర్వాత పై అంతస్తుకి. దర్జా అంతా కిందే ఉండిపోయింది.

అప్పుడు అసలు వాన వచ్చింది. కొండమీద పడిన చుక్క కొండమీద ఆగలేదు. అక్కడి మట్టిని పందులు ఎత్తుకొచ్చేశాయిగా, ఆగడానికి ఏముంది. నీళ్ళన్నీ చెరువులోకి దూకాయి. చెరువు నిండింది. ఎప్పటిలా అలుగు దగ్గరికి పోయాయి. అక్కడ ఆర్చి ఉంది. వెనక్కి తిరిగి అలలపేటలోకి వచ్చాయి.

తెల్లారేసరికి ఆదెమ్మ తన బొరియమీది మట్టికుప్పమీద నిలబడి ఉంది. పిల్లల్ని ఒక్కొక్కటీ నోట కరుచుకుని పైకి తెచ్చి, పొట్టకింద దాచుకుంది. చుట్టూ ఎటు చూసినా నీళ్ళే. కుప్ప అంచులు కరిగి జారుతున్నాయి. పక్క కుప్పమీద వీరాస్వామి, అవతల పందికొక్కు కుటుంబం, ఇంకా అవతల ఎవరెవరో. కొండవైపు ఒడ్డు కనపడుతోంది. పిల్లల్ని కరుచుకుని ఈదాలంటే ఒకదాన్ని తీసుకెళ్ళి వచ్చేసరికి మిగతావి ఉండవు.

చెరువు లోపల, పాత హద్దులో, తాబేలు బసవయ్య తన మనుషులతో తిరుగుతున్నాడు. చెరువులో మునిగేవాళ్ళని వీపుమీద ఎక్కించుకుని ఒడ్డున దించడం వాళ్ళ కొలువు. ఆదెమ్మ పిలిచింది. బసవయ్య దగ్గరిదాకా వచ్చి, ఒక గీత దగ్గర ఆగిపోయాడు. ఆ గీత ఎవరికీ కనపడదు, అతనికి కనపడుతుంది.

"రాలేనమ్మా. మాది చెరువు. మీది నేల. నేలమీద మునిగేవాళ్ళు మా కిందికి రారు."

నేల ఎవరి కిందికొస్తుందయ్యా అంటే ఎలుగుబంటి కిందికి. ఎలుగుబంటి ఒడ్డునే ఉంది. అది అక్కడినుంచే అరిచి చెప్పింది, నేలశాఖకి వీపులివ్వలేదని, నేలమీద తాబేళ్ళతో పనేంటని పైవాళ్ళు కొట్టేశారని. పోనీ నువ్వు దిగి రావయ్యా అంటే, నీళ్ళలో దిగడం దాని పరిధిలో లేదంది.

కుప్ప ఇంకాస్త కరిగింది. ఒక పిల్ల జారబోతే ఆదెమ్మ చేత్తో అడ్డుకుంది.

బసవయ్య చెడ్డవాడు కాదు. గీతకి అవతలే నిలబడి, తనకీ ఏడుపొస్తోందని చెప్పాడు. చట్టం అట్టా ఉంది తల్లీ, అలుగు ఎక్కడుంటే అక్కడిదాకానే నేనొచ్చేది అన్నాడు.

ఆదెమ్మ చెవులు నిక్కబొడుచుకుంది. దూరంగా దిబ్బమీద, ఇంక అరచేతంత మిగిలిన చోట, చెరువు హద్దు అధికారి బంతిలా ముడుచుకుని ఉన్నాడు. మెళ్ళో తీగమాల ఇంకా ఉంది.

"బసవయ్యా, ఆ అలుగు ఉన్నది చెరువులోనేగా? అతన్ని నువ్వెక్కించుకోవచ్చుగా?"

ఎక్కించుకోవచ్చన్నాడు.

"ఎక్కించుకుని తెచ్చి నా కుప్పమీద దించు."

బసవయ్యకి అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. అతనికి అర్థమయ్యేలోపే వీరాస్వామికి అర్థమైంది. అలుగు ఆమె కుప్పమీదికొస్తే ఆ కుప్పదాకా చెరువే. ఆమెది ఒడ్డువైపు ఆఖరి ప్లాటు, ఆమె కుప్పదాకా చెరువైతే అలలపేట మొత్తం చెరువే. ప్లాట్లన్నీ పోతాయి.

వీరాస్వామి కుప్ప కరిగిపోయి మెడదాకా నీళ్ళలో ఉండి, కొట్టుకొచ్చిన వేప మొద్దుని కరుచుకుని చెప్పాడు. తొందరపడొద్దన్నాడు. రేపటికి చెమ్మ తగ్గుతుందన్నాడు. నీ ఒక్కదాని పిల్లల కోసం ఇంతమంది ఇళ్ళు తీస్తావా అన్నాడు. పందికొక్కు పెళ్ళాం, నువ్వూ చెయ్యెత్తినదానివేగా ఆదెమ్మా అని దెప్పింది.

"ఎత్తాను. ఆ చెయ్యి ఇప్పుడు పిల్లకి అడ్డం పెట్టాను, మళ్ళీ ఎత్తడానికి ఖాళీ లేదు" అంది ఆదెమ్మ. తర్వాత బసవయ్యవైపు తిరిగింది. "ఇది చెరువేనయ్యా. చెరువులోనే కాపురం పెట్టాను. ప్లాటు నాకొద్దు. అతన్ని తీసుకురా."

బసవయ్య వెళ్ళాడు. ముడుచుకున్న అలుగుని వీపుమీద పెట్టుకుని వచ్చాడు. అతను ముందుకొస్తుంటే గీత కూడా అతనితోపాటే ముందుకొచ్చింది. అలుగుని కుప్పమీద దించాడు. దించీ దించగానే గొంతు సవరించుకుని, ఇది చెరువు అని ప్రకటించి, మీరెవరమ్మా ఇక్కడ, పాపం మునిగిపోతున్నారే అని ఆదెమ్మని కొత్తగా చూసినట్టు పలకరించాడు. తాబేళ్ళు బారులు తీరాయి. కళ్ళు తెరవని పిల్లలు వీపులమీదెక్కి, తడిసిన పక్కబొచ్చుతో సహా, ఒడ్డు చేరాయి. అన్నీ చేరాయి.

పందికొక్కు కుటుంబం కూడా మారుమాట్లాడకుండా ఎక్కేసింది. వీరాస్వామి మాత్రం ఎక్కలేదు. తాను నేలమీదే ఉన్నానన్నాడు. చివరికి మొద్దుతో సహా తీసుకొచ్చారు.

ఇంతవరకూ బాగానే ఉంది. అలుగు సంగతే ఎవరూ ఆలోచించలా. ఒడ్డుకి తెచ్చాక అతను విప్పుకుని, వెనక నీళ్ళని చూసి, జన్మలో ఎప్పుడూ లేనంత జోరుగా పరుగుపెట్టాడు. ఎక్కడ ఎత్తుంటే అక్కడికి. కొండదారి పట్టి, పైకి, ఇంకా పైకి, అడవి సభ జరిగే మంటపంలోకి దూరి, పెద్దయ్య కూర్చునే బండకింద ముడుచుకున్నాడు.

అక్కడ సభ నడుస్తోంది. అలలపేటలో ఉన్నవి నీళ్ళని ఎవరూ ఒప్పుకోలేదు కాబట్టి, ఎక్కువ చెమ్మగురించి చర్చ. వెనకాలే బసవయ్య తన మనుషులతో తాపీగా నడిచొచ్చాడు. అతనెనక కప్పలు. కప్పలు మంటపంలో కూర్చుని బెకబెకలాడాయి. పెద్దయ్య ఇదేమిటన్నాడు.

బసవయ్య వంగి దణ్ణం పెట్టాడు. అలుగు మీ కిందున్నాడు కాబట్టి ఇక్కడిదాకా చెరువండీ అన్నాడు. చెరువులో మంటపం ఉండకూడదు కాబట్టి ఎప్పుడు తీసేస్తారో చెబితే సాయం చేస్తామన్నాడు.

పెద్దయ్య తల మొదటిసారి ఊగడం ఆగింది. అలుగుని లాగమన్నాడు. లాగితే ఇంకా గట్టిగా ముడుచుకున్నాడు. లాగిన కొద్దీ పూర్తి అంగీకారం పెరుగుతోంది.

అందరూ పరిమళరావువైపు చూశారు. అతను ఆలస్యం చెయ్యలేదు. చట్టంలో అలుగంటే జంతువని ఎవరన్నారండీ, అది రాతి అలుగు, చిన్నపిల్లలకి కూడా తెలుసు అన్నాడు. సభంతా ఔనౌనంది. తాతలు ఎంత తెలివైనవాళ్ళో అని కూడా ఎవరో అన్నారు. మంటపం నిలిచింది. కాకపోతే రాతి అలుగు అలుగైతే దానిమీద ఆర్చి ఉండకూడదు. అడవిపందుల్ని పిలిచారు. కట్టిన పందులే పడగొట్టాయి, దానికి వేరే కాంట్రాక్టు. నీళ్ళు ఒక్కుమ్మడిగా దూకి కిందికి పారిపోయాయి. పోతూపోతూ ఆర్చి పక్కనే ఉన్న పరిమళరావు సొంతిల్లు కూడా పట్టుకుపోయాయి. అతను అంత మంచి చోటు ఎవరికీ అమ్మకుండా తనకోసం ఉంచుకున్నాడు. ఇంటి వెనకే పరుగెత్తి నీళ్ళలో పడి, ఆరోజు లేచొచ్చిన పరిమళరావు దగ్గర మొదటిసారి ఏ వాసనా లేదు. తడిసిన పిల్లి వాసన తప్ప.

అలలపేట మళ్ళీ చెరువైంది. ఎందుకైందని విచారణ జరిపారు. ఇది చెరువేనని ఆదెమ్మ నోరు జారడంవల్లేనని తేలింది.

ఆదెమ్మ పిల్లల్ని తీసుకుని పున్నమ్మ బొరియకే పోయింది. పున్నమ్మ ఆమెని గుమ్మంలో నిలబెట్టి, దాచుకున్నవన్నీ అనేసింది. ఆదెమ్మ అన్నీ విన్నది. తర్వాత పక్కకి జరగమంది, పిల్లలకి చలేస్తోందని. పున్నమ్మ జరిగింది. తిడుతూనే తన పొట్టమీది బొచ్చు కూడా కాస్త పీకి ఇచ్చింది.

వానలు పోయాయి. పిల్లలు కళ్ళు తెరిచి బొరియంతా దొర్లుతుంటే పున్నమ్మకి కాలు పెట్టే చోటు లేకుండాపోయింది. ఒక పొద్దున గాలికి మళ్ళీ ఆ పాత పరిమళం వచ్చింది, తర్వాత పరిమళరావు వచ్చాడు. చెరువు జోలికి పోవద్దన్నాడు. చట్టమంటే తనకి ప్రాణమన్నాడు. రాతి అలుగు కింద నీళ్ళు పోయే వాగుంది చూశారూ, ఇప్పుడు ఎండి చక్కగా ఇసక పరిచినట్టుంది, అక్కడ కొత్త పేట వేస్తున్నామన్నాడు. వీరాస్వామి అప్పుడే మూల ప్లాటు పట్టేశాడట.

ఆదెమ్మ పిల్ల ఒళ్ళు నాకుతూ తలెత్తలేదు. పున్నమ్మ మాత్రం గుమ్మంలోకి వచ్చింది.

"ఇసకంటే తవ్వడానికి తేలికేగా?" అని అడిగింది.

ఇందులో నీతి ఏమిటయ్యా అంటే, ప్లాటు కొనేవాళ్ళు చట్టం తెలుసుకోకపోయినా పర్లేదు, ముందు ఈత నేర్చుకోవాలి.